ఖాళీ పళ్ళెం ముందు కుర్చీ

ఒటీలియా వదినకు,

క్రిస్మస్ ముందు రాత్రి భోజనం ఎప్పటిలాగే మా ఇంట్లోనే అనీ, ఆనవాయితీగా చేసే పన్నెండు వంటల్లో ఒక్కటీ తగ్గకూడదనీ రాశారు. పోయినేడు చెంచా నోట్లో పెట్టుకోగానే "బీట్‌రూట్ చారు మా అమ్మ చేసినట్టు లేదమ్మా" అన్నారు. నేనప్పుడు పొయ్యి దగ్గరే ఉన్నాను. పెళ్ళయినప్పటి నుంచీ ఆ రాత్రి మీ అందరితో కలిసి బల్ల దగ్గర కూర్చున్నదే లేదు.

ఈసారి నేను వండను. పండగ వంటకని ప్రాణాలతో తెచ్చిన చేప మా స్నానాల తొట్టిలో ఈదుతోంది. దాన్ని పట్టి కోయడం మీ తమ్ముడి వంతు. "నా వల్ల కాదే, అది నా వంకే చూస్తోంది" అంటున్నారు. నా వంక ఇన్నేళ్ళూ ఎవరు చూశారు? చారు మీరే పెట్టండి, అచ్చం అత్తయ్యగారు చేసినట్టే.

అనుకోని అతిథి కోసమని ఏటా ఒక ఖాళీ పళ్ళెం పెడతాం కదా, అది మాత్రం మరచిపోకండి. నేను మధ్యాహ్నమే కోటు వేసుకుని బయటికి పోతాను. ఆనవాయితీ ప్రకారం ఆకాశంలో మొదటి చుక్క పొడిచాక మీరంతా బల్ల దగ్గర కూర్చోగానే వచ్చి బెల్లు కొడతాను. ఆ రాత్రి గుమ్మంలోకి వచ్చినవాళ్ళను కాదనకూడదని అత్తయ్యగారే చెప్పేవారు. అతిథిని లేచి వడ్డించమనడం కూడా మర్యాద కాదు.

బాగా ఆకలితో వస్తాను.

మీ మరదలు