నిమ్మకాయ, నాలుగో బోల్టు

1986 మే, ఆదివారం

ఒళ్లు మండిపోతోంది. మా సంఘం పికప్ వ్యాను క్యాబిన్‌ను ఈరోజు విప్పి పైకెత్తాలనుకున్నాం, పంజగుట్ట షెడ్డులో. బస్తీ మీటింగులకు మైకు మోసే బండి మాకు అదొక్కటే. క్యాబిన్‌ను బండికి బిగించినవి నాలుగు మూలలా నాలుగు బోల్టులు; ఎవరి మూల వాళ్లే విప్పాలన్నది మెకానిక్ యాదగిరి పద్ధతి. వెనక ఎడమది నాకిచ్చాడు. తుప్పు వదలాలని కిరసనాయిలు పోసి నానబెట్టాను. ఇంతలో అతను క్యాబిన్‌ను పైకి లాగే చైన్ పుల్లీకి దిష్టి తగలకుండా నిమ్మకాయ కట్టాడు. ఊరుకుంటానా? ఇనుముకి దిష్టేమిటయ్యా, కార్మికుడివై ఉండి ఈ మూఢత్వమేమిటని అరగంట వాయించాను. విసుగొచ్చి తెంపి పారేశాడు. గెలిచిన ఊపులో "లాగండి!" అని అరిచింది నేనే.

మూడు మూలలు లేచాయి. నాలుగో మూల లేవక, ఫ్లోరు రేకు పరపరా చిరిగింది. నా బోల్టు నేను విప్పనేలేదు!

"నిమ్మకాయ తెంపినందుకే," అన్నారు అందరూ.

"కాదయ్యా, బోల్టు మరిచాను, తప్పు నాదే," అని మొత్తుకున్నాను.

యాదగిరి తాపీగా బీడీ ముట్టించాడు. "ఎందుకు మరిచినవ్ సారూ? నిమ్మకాయను తిట్టుకుంట కూసున్నవ్, గందుకే!"

మూఢనమ్మకాల మీద ఇన్ని వ్యాసాలు రాశాను. చివరికి రేకు చిరిగింది నిమ్మకాయ వల్లే. అతనన్నది నిజమే...