పేడపురుగు ఉండ

వదినా,

మీ అమ్మగారు నీకు ఫోన్ చేశారా? చేయకపోతే నువ్వే చేసి, కోపం ఎంతవరకు దిగిందో కనుక్కుని చెప్పు. అంతవరకు నేను మ్యూజియంలోంచి కదలను.

శనివారాల్లో మమ్మల్ని గాజుగదిలో కూర్చోబెట్టి, జనం చూస్తుండగా పరిశోధన చేయిస్తారని తెలుసుగా. శాస్త్రం మాటలకి జనం జారుకుంటున్నారు, ఇంటి భాషలో చెప్పమన్నారు పైవాళ్లు. చెప్పాను. మైక్రోస్కోపులోంచి కన్ను తీయకుండానే మైకులో, "ఈ పేడపురుగు తనకంటే పెద్ద ఉండ చేసి దొర్లిస్తుంది. ఎవరైనా దగ్గరికొస్తే నెట్టేస్తుంది. పైగా ఒళ్లు రెక్కలకి రాసుకుంటూ సణుగుతుంది. అచ్చం మా అత్తగారే!" అన్నాను.

వేరే పురుగే దొరకలేదా అంటావు. ఏం చేయను, నా ఉద్యోగమే ఆ పురుగుతో!

జనం పగలబడి నవ్వారు. తలెత్తితే గాజుకి అవతల, ముందు వరసలో, నేను ఇంట్లో మరిచిపోయిన క్యారియరు పట్టుకుని అత్తయ్య!

ఆవిడ తాపీగా సందర్శకుల మైకు అందుకుని, "ఆ ఉండ ఎవరి కోసమమ్మా?" అన్నారు.

"పిల్ల కోసం అత్తయ్యా" అన్నాను, మైకులోనే. "గుడ్డు అందులోనే పెడుతుంది. పిల్ల దాన్నే తిని పెరుగుతుంది."

"మరి ఆ ముక్క మింగేశావేం?" అని, క్యారియరు అక్కడ పెట్టి వెళ్లిపోయారు.

ఇప్పుడే మూత తీశాను. పనిలో పడితే కలుపుకోవడానికి కూడా బద్ధకిస్తానని, అన్నం కలిపి ఉండలు చేసి పెట్టారు.

ఇట్లు,
ఉండలోని పిల్ల