అందించిన మాట

మార్చి 4

మా ఆయన ఇవాళ కూడా నా నోట్లో మాట లాగేసుకున్నారు. ఒళ్ళు మండిపోతోంది.

పక్షవాతం వచ్చినా నా బుర్ర బాగానే ఉంది. ఎడం చేత్తో ఇలా గీకగలుగుతున్నాను. నాలుకే మొండికేసింది. ప్రతి మాటా నేనే తంటాలు పడి బయటికి తెచ్చుకోవాలని, లేకపోతే ఇలాగే ఉండిపోతానని స్పీచ్ డాక్టరమ్మ చెప్పింది. నెలాఖరుకి బస్టాండులో మైకు టెస్టు. మళ్ళీ అనౌన్సర్‌నవుతానో, ఫైళ్ళ గదిలో పడి ఉంటానో ఆ రోజే తేలుస్తారట.

ఈయనేమో డ్రామా కంపెనీలో ప్రాంప్టర్. తెర వెనక నిలబడి, ఆర్టిస్టు తడబడకముందే డైలాగు అందించిన మనిషి. ఇల్లు కూడా స్టేజీయే అనుకుంటున్నారు.

మార్చి 9, మధ్యాహ్నం

ఫ్యాను వేయమందామని నోరు తెరిచాను. దుప్పటి కావాలా అన్నారు. తల ఊపాను! ఈ ఎండలో దుప్పటి కప్పుకుని చెమటలు కక్కుతున్నాను.

ఆయన సంగతి సరే, నా తల ఎందుకు ఊగింది? మొన్న చెల్లెలికి ఫోన్ చేయమనబోతే మాత్ర వేసుకుంటావా అన్నారు. అప్పుడూ ఊపాను. మాత్ర మింగాను కూడా. సిగ్గు లేదు నాకు.

మార్చి 10

మాట ఎప్పుడు అందిస్తారని డాక్టరమ్మ ఆయన్ని నిలదీసింది. పెదవి ఆగితే చాలు, జనం ఈల వేస్తారేమోనని గుండె దడదడలాడుతుందన్నారు. నువ్వెప్పుడు తల ఊపుతావని నన్నడిగింది. కాగితం మీద రాసి చూపించాను: ఆయన మొహంలో ఆ భయం చూడలేక.

ఇద్దరివీ అలవాట్లేనంది. నేను నోరు తెరవగానే ఆయన నోట్లో నీళ్ళు పోసుకుని, నా మాట పూర్తయ్యేదాకా మింగకూడదట. నేను తల ఊగకుండా గడ్డం కింద చెయ్యి పెట్టుకోవాలట. చిన్నపిల్లల ఆటలా ఉంది.

మార్చి 11

నీళ్ళు మింగేసి మరీ అందించారు. గ్లాసు విసిరికొట్టాను.

మార్చి 17

"ఫ్యాను" అన్నాను. మొత్తం నేనే. ఆయన బుగ్గలు బూరెల్లా ఉబ్బి ఉన్నాయి. పరుగున వెళ్ళి సింకులో ఉమ్మేసి, అక్కడే నిలబడి ఏడ్చారు. దానికీ కోపమొచ్చింది. ఫ్యాను అంటే ఏడవాలా? వేయాలి గానీ!

మార్చి 28

మైకు ముందు కూర్చున్నాను. బస్సు పేరు వచ్చింది, వేళ వచ్చింది. "ప్లాట్‌ఫారం" దగ్గర నాలుక అతుక్కుపోయింది. సూపరింటెండెంటు జాలిగా ముందుకు వంగి, ప్లాట్‌ఫారమేనా అమ్మా అన్నారు. ఈయనా ప్రాంప్టరే! నా తల ఊగబోయింది. గడ్డం కింద చెయ్యి బిగించాను. అద్దం అవతల మా ఆయన, చేతిలో బాటిల్, ఉబ్బిన బుగ్గలు, కళ్ళ నిండా నీళ్ళు. మింగలేదు.

"ఆగండి!" అని అరిచాను.

మైకు ఆన్‌లో ఉంది. బస్టాండంతా ఆగిపోయింది. సామాను ఎత్తుతున్నవాళ్ళు ఎత్తినట్టే నిలబడిపోయారు. నిదానంగా, నాకు కావలసినంత సేపు తీసుకుని, ప్లాట్‌ఫారం నంబరు చెప్పాను.

సోమవారం డ్యూటీలో చేరమన్నారు.

మార్చి 29

పొద్దున్నే ఆయన నా ఎదురుగా కూర్చుని ఏదో చెప్పబోయి ఆగిపోయారు. ఆ మాటేమిటో నాకు తెలుసు. నోట్లో నీళ్ళు పోసుకుని కూర్చున్నాను.