బాదం పూశాక చల్లిన ఉల్లివిత్తనం

గౌరవ్వ అక్కకు, నేను క్షేమం. ఫోన్‌లో నీకు సరిగా వినబడదని, సెలవు మీద వస్తున్న రఘుపతి చేతికి ఈ కార్డు ఇస్తున్నాను.

పరంజా మీది నుంచి పడ్డప్పటి నడుము నొప్పి తగ్గింది. ఆరు నెలలుగా సైట్‌కు పోవడం లేదు. ఇక్కడి జబల్ అఖ్దర్ అనే ఎత్తైన కొండ మీద సాలిం బాబా అనే పెద్దాయన తోటలో పని చేస్తున్నాను. ఇక్కడ చలికాలంలో బక్కెట్లో నీళ్ల మీద మంచుపొర కడుతుంది. అది తెలియక, మన ఊళ్లో లాగే డిసెంబరులో ఉల్లికాడల కోసం విత్తనం చల్లాను. నెల దాటినా ఒక్క మొలక రాలేదు. బాబా మళ్లీ సైట్‌కు పంపిస్తాడేమోనని భయపడుతూనే, నేనే వెళ్లి తప్పు నాదని చెప్పాను. ఆయన నా అరచేతిని మట్టిలో పెట్టించి, "ఇంత చలిలో విత్తనం లేస్తుందా? బాదం పూసేదాకా ఆగు" అన్నాడు.

ఫిబ్రవరి చివర బాదం పూసింది. ఆయన ఇచ్చిన విత్తనం చల్లాను. పన్నెండో రోజు మడంతా పచ్చటి సూదులు లేచినట్టు మొలకలు వచ్చాయి. ఆయనతో మాట్లాడే హిందీ గుర్తుకు రాక, "మొలిచినయ్ బాబా, మొలిచినయ్!" అని మన మాటలోనే అరిచాను. ఆయన పరుగున వచ్చి నా భుజం పట్టుకుని నవ్వాడు. నిన్న నా పని కాగితాలు కంపెనీ నుంచి ఈ తోట పేరు మీదికి మార్పించాడు. ఇక ఎత్తులెక్కే పని లేదు అక్కా.

మోకాలికి మందు రాస్తున్నావా? రఘుపతి తిరిగి వచ్చేటప్పుడు రెండు గుప్పెళ్ల పుంటికూర విత్తనం ఇచ్చి పంపు. బావకు దండాలు, లావణ్యకు దీవెనలు.

నీ తమ్ముడు పోశెట్టి