బయోడేటాలో నేను లేను

కమలాపురంలో ఉన్న మా ఎస్తేరక్కకు, కల్లూరు నుంచి చెల్లెలు రూతు వందనాలు చెప్పి రాస్తున్నది. దేవుని దయవల్ల ఇక్కడ మేమిద్దరం ఆరోగ్యంగా ఉన్నాం. నీ మోకాళ్లు ఎట్లున్నాయి? బావ దగ్గు తగ్గిందా? ఫోన్ చేస్తే సగం విని "సరేలే" అని పెట్టేస్తావు. అందుకే ఈ సంగతి కాగితం మీద రాసి, ఊరికి వస్తున్న మనిషి చేతికిస్తున్నాను. నిదానంగా చదువు.

నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో నీ మరిది వాచ్‌మన్ పని కుదురుగానే ఉంది. ఎండ మన ఊరి ఎండే, దానికి తోడు రాతి దుమ్ము. బోరు నీళ్లతో పప్పు ఒక పట్టాన ఉడకదు. ఆదివారం గుడికి పోతున్నాం. పాటలు బాగా పాడతారు కానీ విందు వంటకు నన్నెవరూ పిలవరు. నేనెవరో వాళ్లకేం తెలుసు. దిగులు పెట్టుకోవద్దు, బాగానే ఉన్నాం.

ఇంటి ఓనరమ్మ పొద్దున లేస్తే "పని దొరికిందా" అని అడుగుతుంటే విసుగొచ్చి, కలెక్టరు ఆఫీసులో దొరికిందన్నాను. వెంటనే ఆమె ఇచ్చే కాఫీలో చక్కెర పెరిగింది. తర్వాత కొడుకు రేషన్ కార్డు పని చేసిపెట్టమని వచ్చింది, నా అబద్ధం బయటపడింది. ఇప్పుడు మాటల్లేవు, కాఫీ లేదు.

అసలు సంగతికి వస్తాను. ఇక్కడి ఆడపిల్లల హాస్టల్లో రెండు పనులు ఖాళీగా ఉన్నాయి. ఒకటి వంటశాల పెద్ద, నేను అడిగింది అదే. రెండోది అంట్లు తోమడం. బయోడేటా తెమ్మన్నారు. కంప్యూటర్ షాపతను ముందే తయారుగా ఉన్నదొకటి తీసి డైనమిక్, సిన్సియర్, హార్డ్ వర్కర్ అని చదివాడు.

"డైనమిక్ అంటే ఏమప్పా?"

"ఏమో అక్కా, అందరూ పెట్టుకుంటారు."

"అందరూ పెట్టుకునేదానికి అదేమన్నా బొట్టా? తీసేయ్. నేను చెప్తా, తెలుగులో కొట్టు."

నేను చెప్పిందేమిటో తెలుసా? "దేవుని కృపవలన, సంఘస్థులందరి సహకారంతో, మా ఊరి గుడిలో క్రిస్మస్ విందు వంటలు ఏటేటా చక్కగా జరిగినవి." మన గుడిలో విందయ్యాక నిలబడి చెప్పే మాటే. నోటికి అదే వచ్చింది.

హాస్టల్ మేడం నంద్యాల వైపు మనిషి. చదివి కళ్లద్దాలు తీసింది.

"వంట జరిగింది సరే. చేసిందెవరమ్మా?"

"అందరం చేసినాం మేడం."

"అందులో నువ్వేం చేసినావు?"

"ఏదో, నాకు చేతనైన సాయం."

"సాయం చేసేదానికైతే అంట్ల కాడ మనిషి కావాల. రేపు రా."

ఊరందరికీ సమాధానం చెప్పే నోరు నాది. ఆమె ముందు మాత్రం "సరే మేడం" అని వచ్చేశాను. ఇంటికొచ్చి నీ మరిదికి చెబితే, "మొగుని మీద అరిచేటప్పుడు మాత్రం నేను, నేను అంటాండావు కదా, అదే రాయి" అన్నాడు. మనిషికి బుద్ధి లేకపోయినా మాట పనికొచ్చింది.

కూర్చుని మళ్లీ రాశాను. పొట్టేళ్ల బేరం నేనే చేశాను. బియ్యం కొలత నేనే వేశాను. పొయ్యిల కాడ ఆడవాళ్లను నేనే నడిపించాను. కూర చివరి పంక్తికి చాలదని ముందే చూసి పప్పు ఎక్కించాను. ఒక్కొక్క "నేను" రాసేటప్పుడు గుడిలో చెప్పులేసుకుని నడిచినట్టు అనిపించింది. అయినా రాశాను, ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు కదా.

ఈసారి మేడం రెండుసార్లు చదివింది. "నిన్నటి దాంట్లో వంట ఉండాది, నువ్వు లేవు. ఇప్పుడు కనపడతాండావు. మీ ఊర్లో నీతో వంట చేసినోళ్లు ఎవరన్నా ఉంటే నంబరివ్వు. అడిగి ఖాయం చేస్తా."

నీ నంబరిచ్చాను. ప్రతి విందుకూ నా పక్క పొయ్యి నీదే కదా, ఇంకెవరిదిస్తాను? ఇచ్చి బయటికొచ్చాక నీ మాట తీరు గుర్తొచ్చింది. నువ్వు ఎత్తి ఏమంటావో నాకు తెలుసు. "మాదేముందమ్మా, అంతా ఆయన కృప, అందరం కలిసి చేసినాం" అంటావు. ఆ మాట అన్నావంటే నా చేతికి పీచు, బూడిద ఇస్తారు.

కాబట్టి అక్కా, సోమవారం లోపల కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తుంది. చేతులు తుడుచుకుని ఎత్తు. అడిగినదానికి "రూతు చేసింది" అను. కృప సంగతి మేడం ఫోన్ పెట్టేశాక ఎంతసేపైనా చెప్పుకో, ఆయన వింటాడు.

అమ్మకు, బావకు, పాస్టరయ్యకు నా వందనాలు చెప్పు. ప్రార్థనలో మా ఇద్దరినీ తలచుకోండి. వచ్చే మనిషితో కాస్త కొర్రబియ్యం, చింతపండు పంపు.

నేను చేసిన కూర బాగుందని ఇన్నేళ్లలో నువ్వు నా మొహాన ఒక్కసారీ అనలేదు. ఉప్పు తక్కువైందనే అన్నావు. ఇప్పుడు నేను వినని చోట చెప్పమంటున్నాను. అంత కష్టమేమీ కాదులే.

ఇట్లు,
నీ దీవెన కోరే చెల్లెలు
రూతు