సందులోంచి వెళ్ళిన బంటు

తాతయ్యా,

నీ చదరంగం ముందు కూర్చుంటే చాలు, నీకోసం బెంగపెట్టుకున్నానని ఇంట్లో తేల్చేశారు. ఎత్తులు ఆలోచిస్తున్నానంటే ఒక్కరూ నమ్మరు. ఈ బెంగ వదలాలని, నిన్న నీ సంవత్సరీకం భోజనాలయ్యాక అమ్మ ఆ బల్లని రోజూ నీతో ఆడిన మాస్టారుగారికి ఇచ్చేయబోయింది.

"ఒక్క ఆట ఆడి, గెలిస్తే తీసుకెళ్ళండి మాస్టారూ" అన్నాను.

తెల్లపావులు నావి. మధ్య బంట్లని వదిలేసి పక్క బంటుని జరిపాను.

"మొదటి ఎత్తే తప్పమ్మాయ్!" అని ఆయన నవ్వారు.

"అందరూ బీసెంట్ రోడ్డు మధ్యలో తోసుకుంటారు, మనం సందులోంచి పోదాం" అనేవాడివిగా నువ్వు. అలాగే పోయాను. ఎప్పుడో తప్పిపోయిన నల్లగుర్రం బదులు నువ్వు పెట్టిన చింతగింజ మాస్టారి తరఫున బాగానే దూకింది గానీ, గంటలో ఆయన ఆట కట్టించాను.

ఆయన పావులు సర్దుతూ, "గారెలు ఎక్కువయ్యాయమ్మా. మీ తాతతో ఓడినప్పుడూ ఇంతే" అన్నారు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ, తాతయ్య మీద బెంగతో గెలిచేసిందండీ" అంది అమ్మ.

చదరంగం ఎవరికీ ఇవ్వను. ఆడాలంటే మాస్టారే ఆదివారాలు ఇక్కడికి వస్తారు.