ఎడమ జేబు

తమ్మీ,

నువ్వు ప్రభువు దగ్గరికి పోయి ఇయ్యాలకు ఏడాది. చదువుకని కరీంనగర్ల నా ఇంట్ల ఉంటున్న నీ బిడ్డ, పోయిన నెల నీ బొగ్గుబాయి డ్యూటీ ప్యాంటు బ్యాగుల దాసుకొని పోతుంటే నాకు అనుమానమొచ్చింది. బైబిల్ చంకల పెట్టుకొని వెంబడి పోయిన. పోటీలకు పిస్తోలు కాల్చుడు నేర్పే హాల్ల దొరికింది.

"కత్తి పట్టినోని గతేందో వాక్యంల సదువలేదా? రేపటి సంది బంద్" అని గద్దించిన.

"కాగితాన్నే కొడుతున్న పెద్దబాపూ, మనిషిని కాదు. రెండో చెయ్యి జేబుల పెట్టకుంటే ఒళ్లు ఊగుతది. నా బట్టలకు జేబులేవి?"

నేర్పే సారు మీద నాకింకా నమ్మకం లేదు. రోజూ పోయి వెనుక కుర్చీల కూసుంటున్న. గురి చూసేటప్పుడు దాని ఎడమ చెయ్యి నీ జేబులనే ఉంటది. ఆ జేబుకు చిల్లుండె. నిన్న నేనే కుట్టిన.

నీ అన్న